రెండో పంక్తి

ఫిబ్రవరిలో చలి గులకరాళ్ళలో కాపురముంటుంది.
జిరోండ్ నది మీది పొగమంచు
పీపాల కొట్టు తలుపు కిందనుంచి
పిల్లిలా దూరుతుంది.

బల్లమీద తెల్లగుడ్డ. ముప్పై నాలుగు గ్లాసులు.
ఒక్కో గ్లాసు ఒక్కో నేలచెక్క.
మొస్య దారిగాద్ ఒక గుక్క తీసుకుని
బుగ్గలో తిప్పి, పళ్ళ సందునుంచి గాలి పీల్చి
రంపంపొట్టు తొట్టిలో ఉమ్మేస్తాడు.
తర్వాత ఒకే మాట:
"పైకి", లేదంటే "కిందికి".
ఆ మాటను పీపామీద సుద్దతో రాయడం నా కొలువు.
ఒకటి. రెండు. రెండు. ఒకటి. రెండు.

ఒకటంటే కోట బొమ్మున్న సీసా.
ఏ దూరదేశంలోనో ఇనపతలుపు వెనక
మూత తీయకుండానే ధర పెరిగే నిద్ర.
రెండంటే కోట లేదు, గేటు బొమ్మ మాత్రమే.
లోపలికి రావద్దనా,
ఇంతదాకా వచ్చావు సంతోషమనా,
ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా నాకు తేలలేదు.

వైను తేటపడ్డానికి పీపాకి ఆరు గుడ్ల తెల్లసొన.
పచ్చసొన ఎవరిక్కావాలి?
వంటింటి ఒదెత్ దానికి రమ్ము కలిపి
రాగి మూసల్లో పోసి, అంచులు నల్లబడేదాకా కాల్చి
కనెలేలు చేసి పెట్టేది.
కోతల రోజుల్లో మాది రెండో పంక్తి.
పులుసు చల్లారి ఉండేది,
లెమ్మనేవాళ్ళు మాత్రం ఉండేవారు కాదు.

పదిహేడో చెక్క పాప్లర్ చెట్ల వైపు వాలు.
అక్కడి కాబెర్నే నేనూ ఎల్వా
మోకాళ్ళమీద పాకుతూ నాటాం.
ఇప్పటికీ వానొస్తే
అతని కుడి మోకాలు ఆ రాళ్ళను తలుచుకుంటుంది.
మొదటి కాపు పచ్చి కాప్సికం వాసన.
"కిందికి" అన్నాడు దారిగాద్, మొహం చిట్లించి.
లేత తీగ మరి, దానికి నోరు తిరగదింకా.
ఏటేటా కిందికే.
ఏటేటా పనివాళ్ళకిచ్చే పెట్టెలో
అది మా ఇంటికొచ్చేది,
కుందేలు కూరతో, కరెంటు బిల్లుతో, పోట్లాటలతో
ఒకే బల్లమీద కూర్చునేది.

ఈ ఏడు పదిహేడో గ్లాసు దగ్గర ఆయన ఆగాడు.
ఇంకో గుక్క. కళ్ళజోడు తీశాడు.
"కుదురుకుంది" అన్నాడు, గ్లాసుతో అన్నట్టు.
"పైకి."

ఏ చెక్క అని అడిగాను, తెలిసే.

ఒకటి వేశాను. కిందిదాకా గీయకముందే సుద్ద విరిగింది.
నా గ్లాసులో మిగిలిన గుక్క నోట్లో పోసుకున్నాను:
వగరు, దాని కింద చెక్కిన పెన్సిలు,
దాని కింద తడిసిన రాయి.
తొట్టి పక్కనే ఉంది.
ఉమ్మలేదు.

సాయంత్రం చెప్పాను ఎల్వాకి.
రొట్టె కోస్తున్న కత్తి ఆపాడు.
"మంచిదే" అన్నాడు.
కాసేపటికి, "అయితే ఇక మనం కొనలేం" అన్నాడు.
లేచి మెట్లకిందకి వంగి
ఆ పచ్చివాసన ఏడువి ఎన్ని మిగిలాయో
వేలితో తట్టి లెక్కపెట్టాడు.

"ఐదున్నాయి."

బిరడా ఊడిన చప్పుడు.

"నాలుగు."