ఇల్లు తోలి చూడు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు.
ఇల్లు తోలి చూడమని
మా వైపు పెద్దలెవరూ అనలేదు.

అర్బాబ్ కొత్తగా కొన్నాడు, చక్రాల ఇల్లు.
సలాలాలో తుంపర మొదలైందట.
పిల్లలతో ఆయన విమానంలో వెళ్తాడు,
ఇల్లు మాత్రం రోడ్డు మీద వెళ్ళాలి.
మాకు బక్రీదు సెలవులు నాలుగు రోజులు.
తాళంచెవి పీరా చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పాడు:
లోపల చేప వండొద్దు.

మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్లు.
తోలేది పీరా, రాయచోటివాడు, నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు.
పక్కన ఓదెలు. వెనక సోఫాలో పోశెట్టీ నేనూ
పెళ్ళిచూపులకొచ్చినట్టు మోకాళ్ళు దగ్గరపెట్టుకుని.

నిజ్వా దాటాక కొండలు తప్పుకున్నాయి.
ఆదం దాటాక చెట్లు.
ఆ తర్వాత తప్పుకోడానికి ఏమీ మిగల్లేదు.

పోశెట్టి అరగంటకోసారి ఫ్రిజ్ తెరిచి చూస్తాడు
లోపల దీపం వెలుగుతోందా అని.
క్యాంపు గదిలో ఎనిమిది మందికి ఒకటే ఫ్రిజ్,
పెరుగు డబ్బా మీద పేరు రాసుకునే మనిషి.
ఇక్కడా మార్కర్ తీశాడు.
ఎవరి నుంచి దాచాలో తెలీక
మూత పెట్టేశాడు.

మొదటి రాత్రి హైమాకి ఇవతల ఆపాం.
పీరా తలుపు తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు.
"ఎవుడొస్తాడ్రా ఈడికి?" అన్నాడు మళ్ళీ తనే.
ఇసకలో స్టవ్ పెట్టి ఎండు మెత్తళ్ళు వేయించాను.
లోపల వండలేదు, లోపల తిన్నాం.
అర్బాబ్ మాట దాటలేదు.

పన్నెండింటికి ఏసీ ఆగిపోయింది.
ముగ్గురూ నా వైపు చూశారు.
నేను సెలవులో ఉన్నానన్నాను.
పదకొండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు,
రుచిగా ఉంది, ఇంకోసారి అన్నాను.
ఒంటిగంటకి లేచి బాగుచేశాను.
వెడల్పాటి మంచం మీద పోశెట్టి
అంచుకే ఒత్తుకుని పడుకున్నాడు,
పై బెర్తు ఇనప కమ్మీ కోసం
నిద్రలోనే చెయ్యి చాపి.

రెండో రోజు మధ్యాహ్నం, ఏమీ లేని చోట
బండి ఎగిరి పడింది. గిన్నెలన్నీ మోగాయి.
"ఆపు" అన్నాడు ఓదెలు.
"గీ గతుకు నాది."

పోయే రోడ్డు వీళ్ళేశారట,
వచ్చే రోడ్డు బంగ్లాదేశ్ వాళ్ళు.
పద్నాలుగు నెలలు ఇక్కడే క్యాంపు.
రోలర్ మొరాయించిన రోజు, తారు చల్లారిపోయి,
ఫోర్‌మన్ చూసేలోపు కప్పేసిన గతుకు.

రోడ్డు దిగి నడిచాడు. వెనకే మేం.
క్యాంపు లేదు.
సగం ఇసకలో ఒక సిమెంటు పలక. "బాత్రూం" అన్నాడు.
నిలువుగా ఒక పైపు, దానికో నల్లా.
"పొద్దుగాల నాలుగింటికి గీడ లైను.
నా ముంగట నలభై మంది."
ఇప్పుడు ముందెవరూ లేరు.
నల్లా తిప్పాడు.
వంతు వచ్చినవాడిలా కాసేపు నిలబడ్డాడు.
మళ్ళీ కట్టేశాడు, గట్టిగా,
చుక్క కూడా కారకూడదన్నట్టు.

పీరా ఏమీ అడగలేదు.
బండి ట్యాంకులోంచి మగ్గు నిండా పట్టి తెచ్చాడు.
ఓదెలు మొహం కడుక్కున్నాడు, అక్కడే, ఆ నల్లా కిందే.

తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే అద్దం మీద తుంపర.
తొమ్మిదేళ్ళు నీళ్ళు మోసిన పీరా
వైపర్ మీట ఎక్కడుందో వెతుక్కున్నాడు.
మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చింది,
దాని మీదా మెత్తళ్ళ వాసనే.

అర్బాబ్ బావమరిది వచ్చి చెంచాలు లెక్కపెట్టాడు.
గాలి పీల్చాడు. మా నలుగురినీ చూశాడు.
చెంచాలు సరిపోయాయి.
పోశెట్టి ఫ్రిజ్ ఇంకొక్కసారి తెరిచి మూసి
దిగాడు.

రాత్రి బస్సు. నాలుగు చోట్ల నాలుగు సీట్లు.
తెల్లారగట్ల ఎక్కడో బస్సు ఎగిరి పడింది.
ముగ్గురం చీకట్లో ఓదెలు వైపు తిరిగాం.

కళ్ళు తెరవకుండానే అన్నాడు:
"గిది మాది గాదు. బంగాలోళ్లది."