కట్టెల పద్దు

నేను రాతగాణ్ణి.
ఎవరు చచ్చారన్నది కాదు,
ఎంతయిందన్నది రాసేవాణ్ణి.

లైయె నది పక్క ఊరు మాది.
వేసవంతా అవిసె కట్టలు నీళ్ళలో నానుతూ
ఊరు ఊరే కుళ్ళు కంపు కొడుతుంది.
రాజులు తొడుక్కునే తెల్లటి నారబట్ట
ఆ కంపులోంచే వస్తుంది.

ఆ ఏటి పద్దు ఇది:
ఓక్ కట్టెలు రెండు బళ్ళు.
గడ్డి పద్దెనిమిది మోపులు.
తలారికి కూలి, బీరు.
నాలుకకు బిగించే ఇనుప మర ఒకటి,
కమ్మరి పవెల్స్ చేసినది, ఆరు స్తైవర్లు.

మనిషి పేరు యోస్ వెర్కిందెర్. నేతగాడు.
పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదన్నాడు, అంతే.
నీళ్ళు ఎప్పుడు పోయాలన్న తగువుకి
నిప్పు పెట్టారు.

మర బిగించాక కూడా గొంతులో ఏదో కూని.
మంట మోకాళ్ళు దాటేదాకా ఆగలేదు.
నా పక్కన బట్టలుతికే ఆవిడ అంది:
"అబద్ధం కోసం ఎవడైనా ఇలా కాలతాడా?"
ఇంటికెళ్ళి దీపం మీద వేలు పెట్టి చూశాను.
రెండు లెక్కపెట్టేలోపే లాక్కున్నాను.
ఆ రాత్రి నాకూ అనిపించింది,
ఆయన చెప్పిందే నిజమేమోనని.

పదహారేళ్ళకి ఊరు చేతులు మారింది.
గుళ్ళో బొమ్మలు పగలగొట్టినవాళ్ళు
అదే గదిలో, అదే బల్ల వెనక కూచున్నారు.
రాతగాణ్ణి మార్చలేదు.
ఈసారి లీవెన్ పాద్రీ.
యోస్ కాలిన రోజు
శిలువ ఎత్తి పట్టుకున్న చెయ్యి ఆయనదే.
రొట్టె ఇక రొట్టె కాదు, ప్రభువు శరీరమే అన్నాడు.
కాదను, వదిలేస్తాం అన్నారు.
చెప్పులు విప్పి, జత సరిగ్గా కలిపి,
ఎవరికైనా పనికొస్తాయని పక్కన పెట్టి
నిచ్చెన ఎక్కాడు.
తాడు ఒకటి. కూలి. బీరు.
జనంలో మళ్ళీ అదే మాట, వేరే నోటితో:
"అబద్ధం కోసం ఎవడైనా..."

రెండు పద్దులూ పక్కపక్కన పెట్టాను.
ఇద్దరిలో ఎవరూ నటించలేదు.
నేను కూచున్న చోటుకి చెమట కూడా కనిపిస్తుంది.
ఒట్టు పెట్టడమే పాపమన్న యోస్
ఒంటినే ఒట్టుగా పెట్టాడు.
కాని చేసే ప్రమాణం వేరు, చూపే ప్రమాణం వేరు.
యోస్ చావు యోస్ గురించి చెబుతుంది,
ఆయన దొంగ కాదని.
నీళ్ళ గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

హతసాక్షి అంటారు.
ముప్పై ఏళ్ళు కోర్టులో కూచున్నవాణ్ణి.
సాక్షిని ఎదురు అడగాలి:
నువ్వు చూశావా? విన్నావా?
చెప్పినవాడికి ఎవరు చెప్పారు?
మేం ముందు చంపి, తర్వాత సాక్షి అన్నాం.
చచ్చినవాడి కళ్ళు చారెడు.
మాట, బారెడు.

ఇంకో పేరుంది. కూలీ లేదు, బీరూ లేదు,
కాబట్టి ఏ పద్దులోనూ లేదు.
తాన్నెకెన్. యోస్‌తో పాటే పట్టుబడింది.
కట్టెల వంక చూసి, కడుపు పట్టుకుని,
మీరు చెప్పిందే నిజం అంది.
వదిలేశారు. ఊరు ఉమ్మేసింది.
మరి ఆవిడ మాట మార్చిన పూట
యోస్ నమ్మింది వెంట్రుకంతైనా అబద్ధమయిందా?
ధైర్యం నిజాన్ని పొడుగు చేయకపోతే
భయం దాన్ని పొట్టి చేయదు కదా.

ఇక్కడిదాకా వచ్చి కలం ఆపాను.
నేను పిరికివాణ్ణి.
పిరికివాడికి ఈ వాదం ఎంత సుఖం!
సుఖంగా ఉంది కాబట్టి తప్పా?
అదీ తేలదు.
మంట తేల్చనిది పరుపు మాత్రం తేలుస్తుందా?

మొన్న తాన్నెకెన్ వచ్చింది, నారబట్ట సుంకం కట్టడానికి.
పక్కన పదహారేళ్ళ కుర్రాడు.
డబ్బు లెక్కపెట్టి, వెళ్ళబోయి, ఆగింది.
"ఆ రోజు ఆయన ఏం పాడాడు?"

కాగితాలు ఎగరకుండా ఆ ఇనుప మరే
నా బల్ల మీద బరువుగా ఉంది.
దానిమీద చెయ్యి కప్పాను.
కీర్తన, అన్నాను.
అప్పట్లో రాసింది కూడా అదే.

మూలుగేమో.
నాకు తెలియదు.