నాలుగో కాపీ

మట్టెవాడల సైకిల్ షాపు మీది గది.
రెండు రెమింగ్టన్లు. ఒకటి నాది,
ఒకటి నేర్చుకునే పోరగాళ్లది.
పేజీకి నలభై పైసలు.
ఆజంజాహి మిల్లు సైరన్ కూసినప్పుడల్లా
కిటికీ రెక్క సన్నగ వణికేది.

బదిలీ దరఖాస్తులు, కోర్టు నకళ్లు కొట్టే చేతులకు
తౌటం వీరభద్రం సారు తీర్మానం తెచ్చిండు.
అరవై తొమ్మిదిల జైలు చూసి
తర్వాత ఓట్లు గెలిచి
జీటీ ఎక్కి ఢిల్లీ పోయిన మనిషి.
"ఒక అసలు, మూడు కార్బన్లు, సరోజనా.
మన రాష్ట్రం మనకియ్యమని అడుగుతున్న.
తప్పులు పోవద్దు."

చంకల అట్ట లేని పుస్తకం.
దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద రెండు రూపాయలకు దొరికిందట.
లోపల ఒక గడ్డపాయన ఫోటో, ఐర్లండు నాయకుడు.
దేశం తనది, సభ పరాయిది.
ఆ సభలనే నిలబడి, ఆ సభ నియమాలతోనే
ఆ సభకు నిద్ర లేకుండ చేసిండట.
ఒకసారి నలభై ఒక్క గంటలు.
ఒకరు మాట్లాడుతుంటే ఒకరు పండుకొని, లేచి మల్ల అందుకొని,
వంతులు వేసుకొని రాత్రంత మోట కొట్టినట్టు.

సారు గది మధ్యల నిలబడి చదివెటోడు.
నేను వింటనే కొట్టేదాన్ని.
నా మిషన్ల హెచ్ అక్షరం అంటుకునేది.
హోం అన్నా, హౌజ్ అన్నా దాంతోనే మొదలాయె.
ఇంటికైనా సభకైనా
ఆ కడ్డీని వేలుతోటి వెనుకకు గుంజాలె.

సారుకు అక్కడ దొరికింది మూడు నిమిషాలు.
అది గూడ శుక్రవారం మాపటీలి,
సగం మంది స్టేషన్ తొవ్వ పట్టినంక.
గంట కొడితే కూసోవాలె.
పదకొండు పేజీలల్ల చదివింది పేజీన్నర.
"మిగిలింది బల్ల మీద పెట్టొచ్చిన" అన్నడు,
బల్లనే మోసుకొచ్చినోని లెక్క చెమట తుడుసుకుంట.

మల్ల సెషన్. తారీఖు మార్చి మల్ల అదే.
ఏడు సార్లు.
మా అన్న సత్తయ్య మిల్లు డ్యూటీ దిగొచ్చి అడిగెటోడు,
"ఏమన్నరే ఢిల్లీల?"
"గంట కొట్టిన్రట."
"మాకూ కొడుతరు రోజుకు మూడుసార్లు" అని
కాళ్లు కడుక్కునెటోడు.

పుస్తకం నా దగ్గర్నే విడిచిపోయిండు ఒకసారి.
కరెంటు పోయిన రాత్రి కందిలి పెట్టుకొని
ఎర్ర పెన్సిలు గీతలు లేని పేజీలు చదివిన.
ఆ నాయకుడు ఒకామెను ప్రేమించిండు, ఇంకొకని పెండ్లాన్ని.
వెంట నడిచినోళ్లే ఒక గదిల కూసొని
దినాలకు దినాలు కొట్లాడి
ఎక్కువ మంది విడిచిపోయిన్రు.
ఏడాది తిరగకముందే పాణం పోయింది.
ఇంత పుస్తకంల
ఇక్కడనే సారు పెన్సిలు ఎందుకు ఆగిందో
నాకు సమజు కాలే.

ఆఖరుసారి వచ్చినప్పుడు పుస్తకం అడగలే.
"ఒకటే కాపీ. కార్బన్ వద్దు, సరోజనా."
నాలుగు లైన్లు.
ఉపమంత్రి పదవిని గౌరవంగ స్వీకరిస్తున్నట్టు.
ఆనర్ అనే మాటకు గూడ హెచ్చే మొదలు,
నోటితోటి పలకం గని
మిషన్ మీద కొట్టాలె.
ఆ దినం అది అంటుకోలే.

ఐర్లండాయన పడ్డ చప్పుడు సముద్రాలు దాటింది.
సారు పడ్డది
కింద సైకిల్ షాపోనికి గూడ వినబడలే.

మిల్లు మూతబడ్డది. అన్న పోయిండు.
రాష్ట్రం వచ్చిన రాత్రి చౌరస్తాల పటాకులు పేలుతుంటే
నేను రేకుపెట్టె తీసిన.
అసలు కాపీ సభకు, ఒకటి పేపరోళ్లకు, ఒకటి సారుకు.
నాలుగోది ఎప్పటికీ నాకే.
పొగ రాసినట్టు అక్షరాలు,
హెచ్ ఉన్న కాడల్ల నా వేలు బలం.
ఏడో దాని అంచుకు నా లెక్క, పెన్సిలుతోటి:
డెబ్బై ఏడు పేజీలు.
ముప్పై రూపాయల ఎనభై పైసలు.
ఇంకా రావాలె.