ఎడమ చెంపలు

పదకొండు తలలు తెచ్చుకున్నాను ఇంటికి,
గోధుమపిండి సంచిలో.
బౌద్ధనగర్ కమ్యూనిటీ హాల్ నుంచి మా డాబా మీది గది దాకా
సంచి మోకాలికి తగులుతూనే ఉంది,
లోపలినుంచి ఎవరో తన్నుతున్నట్టు.

కొత్త హెడ్‌గార్డ్ ఒక్కోటి పన్నెండు వందలు.
పిల్లల ఫీజే నెలకి మూడు వందలు,
అదీ "ఇరవయ్యో తారీఖు ఇస్తం మేడం" అనే మూడు వందలు.
పైగా అన్నీ ఎర్రవే.
ఆదివారం పోటీలకి సగమన్నా నీలం కావాలి.

ఎనామిల్ డబ్బాతో వస్తుంటే
వారాసిగూడ సందులో బండ్ల టాంకులకి రంగులేసే జహీరుద్దీన్ భాయ్
దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు.
"ఇది టాంక్ కాదమ్మా, తల.
ఒత్తితే లోపలికి పోతది, వదిలితే బయటికొస్తది.
కదిలేదానికి కదిలే రంగు కావాలె.
ఇదేస్తే మొదటి దెబ్బకే అప్పడం లెక్క పగుల్తది."
సీటు కవర్లకి వేసే నీలం ఇచ్చాడు, మిగిలిన సగం సీసా,
మూతకి గుడ్డ చుట్టి.
థిన్నర్ తాకించొద్దన్నాడు, ఫోము కరిగిపోతదట.
డబ్బులు అడగలేదు.
మనవరాలికి బ్లాక్ బెల్టు ఎన్నాళ్లకొస్తదని అడిగాడు.
ఆ పిల్లకింకా నాలుగేళ్లు.

ముందు కడగాలి.
పాత టూత్‌బ్రష్షు, బట్టల సబ్బు.
చెవి రంధ్రాల్లోంచి నల్లగా కారింది
మూడేళ్ల చెమట, మైదానం దుమ్ము, ఒక బొట్టుబిళ్ల.

అయినా రంగు నిలవలేదు.
నుదుటి దగ్గర వేసింది వేసినట్టే పూసలై జారిపోయింది.
ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసింది:
కొబ్బరి నూనె.
ఏ తల్లీ తల దువ్వకుండా పంపలేదు కదా.
స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను
ఒక్కొక్క అమ్మ అరచేతినీ.
పూర్తిగా పోలేదు.
ఆ వాసన మీదే వేశాను.

తీగ మీద క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే
పక్క డాబా మీద పావురాలవాడు ఈల ఆపేశాడు.
నాకూ అప్పుడే కనపడింది, వరుసలో చూశాక:
పగుళ్లన్నీ ఎడమ చెంపకే.
అందరివీ కుడికాళ్లే.
నా కుడికాలు చూసి నేర్చుకున్నవే.

ఒక్కదానికి మాత్రం కుడి చెంప,
లోపలి బూడిదరంగు ఫోము బయటపడేదాకా.
దానియేలు.
వాడిది ఎడమకాలు. ఇది హంసికది.
ఆ కాలు ఎటునుంచి వస్తుందో తెలియక
ఏడాదంతా తిని, ఏడ్చి,
ఒకరోజు తప్పుకుంది.
ముందు చప్పట్లు కొట్టింది వాడే.
దసరా సెలవుల తర్వాత రాలేదు.
పార్శీగుట్టలో వాటర్ క్యాన్లు మోస్తున్నాడని ఎవరో అన్నారు.
నేను వెళ్లి అడగలేదు,
అడిగితే మూడు వందల కోసమనుకుంటాడని.
ఇది సాకే.

ఆ చెంపకి మూడు పూతలు.
రంగు మారింది, గుంట మారలేదు.

సాయంత్రం మెట్ల మీద క్యాను దించిన చప్పుడు.
రోజూ వచ్చే ముసలాయన కాదు.
భుజాన మడిచిన తువ్వాలు, మొలిచీ మొలవని మీసం.
అలవాటుగా నడుము వంచబోయి ఆగాడు.
"ఇవి మనవేనా మేడం?"
మనవే.
ఎండిందో లేదో అని
సరిగ్గా ఆ కుడి చెంప మీదే బొటనవేలు పెట్టాడు.
ఎండలేదు.
"అయ్యో" అని వేలు పాంటుకి తుడుచుకుని
"హంసికది కదా ఇది" అన్నాడు.
పైసలు తీసుకుని ఖాళీ క్యానుతో దిగిపోయాడు.
రెండో అంతస్తు మలుపులో చప్పుడు కాసేపు ఆగింది,
మళ్లీ మొదలైంది.
ఆదివారం రమ్మన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఆదివారం
చెమటకి నీలం దిగి హంసిక చెవులు కృష్ణుడి చెవులయ్యాయి.
రిఫరీ ముక్కు చిట్లించాడు,
స్పిరిట్‌కో కొబ్బరి నూనెకో.
ఎదుటి పిల్లది కుడికాలే.
అయినా హంసిక చెయ్యి కుడి చెంప దగ్గరే కాపలా,
ఆ వేలిముద్ర మీద.
ఎడమ వైపు రెండు తింది, గట్టివి.

రంగు పగల్లేదు.
జహీరుద్దీన్ భాయ్‌కి చెప్పాలి.