వద్దు అని రాసిన చెయ్యి

రెండు బిస్కెట్ డబ్బాలు.
మూతలకి చీలికలు కోసినవాడు అరండల్‌పేట తగరప్పనివాడు.
ఒకదాని మీద కావాలి, ఇంకోదాని మీద వద్దు.
కావాలి రాసింది మస్తాన్‌బీ.
వద్దు నేను రాశాను.

మా ఇద్దరి దస్తూరీ బాగుంటుందని
ఏస్తేరమ్మ గారు పిలిచి చెరొక కుంచె ఇచ్చారు.
"నీకు గిట్టని మాటైనా సరే
దాని ఒత్తు దానికి పడాల్సిందే" అన్నారు.
ద కింద ద వత్తు.
మూడుసార్లు తుడిచి రాయించారు.

అసలు సంగతి ఇదీ:
గుంటూరు ట్రైనింగు స్కూల్లో రెండేళ్లూ మాకు
నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు, కుట్లు, అభినయగేయాలు,
హాజరుపట్టీ కూడికలు.
ఇకమీదట శరీరశాస్త్రం పెడతారట. మొక్కలూ, భూగోళమూ.
మద్రాసు నుంచి ఒక అస్థిపంజరం.
ఇంటిపన్ను రూపాయికి కాణీ పెరుగుతుంది.
పన్ను కట్టేవాళ్లే వచ్చి తేల్చాలని
పేటపేటకీ డప్పు కొట్టించారు.

మాకు ఓటు లేదు.
చదవాల్సింది మేము,
చెప్పాల్సింది మేము,
డబ్బాలకి కాపలా కూడా మేమే.

మిర్చి కమిషన్ మాదాల కోటిలింగం గారు
కండువా అడ్డం పెట్టుకుని రెండుసార్లు తుమ్మి
"అఆలు చెప్పే ఆడమనిషికి
కప్ప కడుపులో ఏముంటే ఏమండీ?" అన్నారు.
హాలంతా నవ్వింది.
నేనూ నవ్వాను.
ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మూడు దాటాక ఎండ గచ్చు మీదికి పాకింది.
జనం పలచబడ్డారు. గుమస్తా కునుకుతున్నాడు.
పట్నంబజారు వెనక రెండు గదుల పెంకుటింటి రసీదు
కొంగున ముడేసుకుని
మంత్రసాని నాంచారమ్మ వచ్చింది.
చెమటకి సిరా చెదిరిన ఆ కాగితాన్ని
గుమస్తా కిటికీ వెలుగుకి పెట్టి చూసి చూసి
చివరికి వేలిముద్ర వేయించుకున్నాడు.

"ఏది ఏదే అమ్మాయ్?"
నా డబ్బా ముందు నిలబడి నన్నే అడిగింది.
అబద్ధం చెప్పొచ్చు. ఎటు చెప్పినా ఆవిడకి తెలీదు.
"ఇది వద్దు. అది కావాలి" అన్నాను.
"ముగ్గులా ఉందే! ఎవరు రాశారు?"
"నేనే."
"ఇంత బాగా రాసి వద్దంటావేం?"

నోట మాట రాలేదు.

"నూటికి పైన కాన్పులు చేశా.
చేత్తో తడిమి తెలుసుకున్నదే గానీ
లోపలెట్లా ఉంటుందో బొమ్మయినా చూళ్లేదు.
ఆ ఎముకల మనిషి వచ్చాక నన్నోసారి పిలుస్తావా?"
పిలుస్తానన్నాను.
చీటీ మడవకుండానే
మస్తాన్‌బీ డబ్బాలో పడేసి వెళ్లింది.

రాత్రి లాంతరు కింద లెక్క.
పదకొండు ఓట్ల తేడాతో కావాలి గెలిచింది.
ఏస్తేరమ్మ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"వచ్చే జూన్ నుంచి" అన్నారు.
మా చదువు ఏప్రిల్‌తో సరి.

పొన్నూరు దగ్గర బళ్లో ముప్పై ఒక్క ఏళ్లు చెప్పాను.
మొదటి ఏడే ఒక పిల్ల లేచి
"గుండె ఎందుకు కొట్టుకుంటుంది టీచర్?" అంటే
గంట కొట్టమని చెప్పాను.
ఆ రాత్రే మస్తాన్‌బీకి కార్డు రాశాను.
తర్వాతి బ్యాచిలో చేరిన వాళ్ల చెల్లెలి నోట్సు
పొట్లం కట్టి పంపింది.
నాలుగు గదులట. తలుపులట. ఒకవైపే తెరుచుకుంటాయట.
వంటింట్లో కిరసనాయిలు బుడ్డి దగ్గర
బొగ్గుముక్కతో గోడ మీద గీసుకుని నేర్చుకున్నాను.
మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు.
దాని పేరు ఎంత తలుచుకున్నా రాదు.

అస్థిపంజరం ఆగస్టులో గూడ్సుబండి మీద దిగిందట.
ఎడమచేతికి రెండు వేళ్లు తక్కువట.
పిల్లలు దానికి కోటిలింగమని పేరు పెట్టారట.
అన్నీ ఉత్తరాల్లో తెలిసినవే.

నేను రాసిన డబ్బా సుద్దముక్కలకి వాడుకున్నారు.
రంగు పోయినా వత్తు మాత్రం కనపడేదట.

నాంచారమ్మని ఎవరైనా పిలిచారో లేదో
ఏ ఉత్తరంలోనూ లేదు.
నేను పిలవలేదు.