ఊపిరి గుర్తు

చీమకుర్తి గెలాక్సీ రాయిలో మేలైంది ఓడెక్కుద్ది.
మూల విరిగింది, నెర్రె పడింది
నా షెడ్డుకొస్తది.
పోయినోళ్ల పేర్లు చెక్కి బతుకుతా నేను.

దుమ్ము లేస్తున్న ఒక మధ్యాన్నం
పరంజ్యోతి అయ్యగారు ఆటో దిగాడు.
రామాయపట్నంలో ముప్పయ్యేళ్లు గ్రీకు చెప్పినాయన.
చేతిలో రూళ్ల కాగితం.
దీనమ్మ. పుట్టిన తేదీ. నిద్రించిన తేదీ.
అడుగున ఆరక్షరాలు, నేనెరగని లిపి.

"ఏంది సార్ ఇది?"
"ఐరీనీ."
"అంటే?"
"సమాధానం."
"దేనికి సార్? ప్రశ్నేంది?"

నవ్వుతాడనుకున్నా. నవ్వలా.
తెల్లపంచెతో రాతిపొడి మీదే కూలబడ్డాడు.

శాంతి అనకుండా మన పెద్దలు
ఈ మాటెందుకు పెట్టారో
నాకూ చానాళ్లు తెలీలేదయ్యా, అన్నాడు.
గొడవ లేకపోతే శాంతి.
ఊరు తగలబెట్టి, బూడిద చల్లారాక
రోమా సిపాయిలూ తెచ్చారు అలాంటిది.
ఇది వేరే. చెదిరిన వాటిని ఏరుకొచ్చి
ఒకచోట పెట్టడం.
సమాధీ, సమాధానమూ ఒక కడుపున పుట్టినవే.
గ్రీకులోనూ కొందరంటారు,
కూర్చడమనే మాటకి ఇది కూతురని.
నిజమో కాదో.
దీనమ్మ పాతచీరలు ముందరేసుకుని
బొంత కుట్టేటప్పుడు మాత్రం
నిజమేననిపించేది.

అంతకన్నా పాతమాట ఇంకోటుంది, షాలోం.
బాకీ తీరడం కూడా అందులోనే ఉంది.
చెల్లుకి చెల్లు.

అడిగాడు, నీకెవరున్నారు?
అన్న. కనిగిరిలో.
పేరు?

పదకొండేళ్లు నాలిక మీదికి రానిది
పొడిపొడిగా రాలింది.
"సొలొమోను."

"ఆ పేరంతా అదే మాటయ్యా,"
అని ఊరుకున్నాడు.
క్వారీలో మందు పేలి నాన్న పోతే
ఇద్దరికని ఇచ్చిన నాలుగు లక్షలు
ఈ రేకులై, ఈ మిషనై
నా నెత్తిన నీడగా నిలబడ్డ సంగతి
ఆయనకి నేను చెప్పలా.

ఇంకోటి చెప్పా.
"సార్, ఇది అతుకురాయి. నడిమిన నెర్రె ఉండేది,
రెసిన్ పోసి నల్లపొడి కలిపి పాలిష్ పట్టా.
సగం రేటివ్వండి చాలు."
వేళ్లతో తడిమాడు. దొరకలా.
"అతుకెక్కడో నీకు తెలుసా?"
"వేసినోణ్ణి సార్."
"అయితే ఆ మాట అక్కడే చెక్కు."
"ఉలి తగిల్తే ఊడుద్ది సార్."
"నెమ్మదిగా చెక్కు."

నాలుగు రోజులు పట్టింది ఆరక్షరాలకి.
దెబ్బ దెబ్బకీ చెవి ఆనించి విన్నా.
బోలుమోత రాలా.

మళ్లొచ్చిన రోజు
కళ్లజోడు పైకెత్తి, ముక్కు రాతికానించి చూశాడు.
"రెండో అక్షరం నెత్తిన కొక్కెం లేదే."
"సిరా మరకనుకున్నా సార్."
"ఊపిరి గుర్తు అది.
ఇక్కడ ఊపిరి పలకదు అని చెప్పడానికి పెడతారు."
"పలకందానికి గుర్తెందుకు సార్?"

భార్య పేరు మీద పడ్డ దుమ్ము
పంచె కొంగుతో తుడిచాడు.
సమాధానం చెప్పలా.

అన్నిట్లోకీ సన్న ఉలి తీశా.
పేనంత కొక్కెం.
సరిగ్గా అతుకు మీద.
చేత్తో కాదు, ఊపిరి బిగబట్టి చెక్కినట్టుంది.
నిలిచింది.

రాయి లారీలో పడుకోబెట్టి,
కింద గడ్డి సర్ది,
పూర్తి రేటు నా జేబులో కుక్కి
ఆయన పోయాడు.

మిషనాపాక
చెవుల్లో మోత ఇంకా తిరగతానే ఉంది.
గోడ మీద బొగ్గుతో రాసున్న నంబరు,
సున్నాలు సగం చెరిగినయ్.
తప్పు నొక్కా. మళ్లీ నొక్కా.

మోగింది. మోగింది.
ఎత్తాడు.
అవతల బస్టాండు హారన్లు, ఎవరో టీ అని అరుపు.
నా కొత్త నంబరు వాడికి తెలీదు గదా.

"ఎవరూ?" అన్నాడు.