ఆరు పాయింట్ నాలుగు

క్లేటన్‌లో రాత్రి రెండున్నర.
బ్లాక్‌బర్న్ రోడ్డు మీద ఆఖరి లారీ కూడా వెళ్లిపోయింది.
లోపల గానుగ తిరుగుతూనే ఉంది.
ఎద్దు లేదు, గంట లేదు, నువ్వులు లేవు,
ఎలక్ట్రాన్లు, అంతే,
సెకనుకి పది లక్షల పైచిలుకు చుట్లు.
తిన్నగా పోయినంతసేపూ ఏమీ ఇవ్వవు.
వంచాలి.
ఆ వంపు దగ్గరే
వెలుగు పిండుకోవాలి.

పదకొండేళ్లుగా నా పని ఇది:
సీసం గోడల గదిలోకి వెళ్తాను,
మూలమూలకీ నడిచి ఒక్కో బొత్తాం నొక్కి
"ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తాను.
ఎవరూ ఉండరు. ఉండకూడదు.
అయినా ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి వింటాను.

ఈ రాత్రి నమూనా, బొటనవేలి గోరంత ఉక్కు రేకు,
బీట వారిన రైలు వంతెన నుంచి కోసుకొచ్చింది.
దాంతోపాటు ఆయనా వచ్చాడు,
లెఫ్టెరిస్, డెబ్బై నాలుగేళ్ల వెల్డరు,
ఉన్నికోటుకి సందర్శకుల బ్యాడ్జీ తగిలించుకుని.
విచారణ సంఘం ఆయన్ని పిలవలేదు.
కట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
"అతుకు నాది. తప్పు నాదో కాదో తెలియాలి," అన్నాడు.
ఫ్రేయా టీ పోసి ఇచ్చింది. చల్లారిపోయింది.

కిరణం తగిలితే ఇనుము ఊరుకోదు.
లోపలి గదిలోంచి ఒక ఎలక్ట్రాన్ని పోగొట్టుకుని
అరుగు మీది దాన్ని లోపలికి లాక్కుంటుంది.
ఆ దిగడంలో ఓ చిన్న మెరుపు,
ఎప్పుడూ ఒకటే కొలత, ఆరు పాయింట్ నాలుగు.
బేరం లేదు, కొసరు లేదు.
ప్రతి లోహానికీ ఇలాంటి ఇంటిపేరొకటి ఉంటుంది,
అడిగితే చెబుతుంది.

మూడుంపావుకి కిరణం పడిపోయింది.
తెర మీద ఎర్ర అక్షరాలు, ఫ్యాన్ల హోరు.
బయట ఏప్రిల్ చలి. నడినెత్తిన వృశ్చికం
కొండి విప్పుకుని పడుకుంది.
ఎర్రగా జ్యేష్ఠ. చెయ్యి చాపితే దానికి పిడికెడు దూరంలో,
కంటికి ఆనని చోట,
ఒక చచ్చిన నక్షత్రం పక్కదాన్ని తాగుతోందనీ
ఆ కాక ఎక్స్ కిరణాలై మన మీద కురుస్తోందనీ చెప్పాను.
"నాకింతవరకూ తగల్లేదే," అన్నాడు.
గాలి ఆపుతుంది, పది మీటర్ల నీళ్లంత బరువున్న గాలి.
మేం సీసంతో చేసేది అది ఊరికే చేస్తుంది.

"అక్కడా ఇనుముందా?"
ఉంది. మీ అతుకు పలికే మాటే అక్కడా.
కాకపోతే, నల్ల బిలాల అంచున సుడి తిరిగే ఇనుము
ఆ మాటని తిన్నగా అనలేదు.
బరువుకి గొంతు సాగి, జీరబోయి,
ఐదై, నాలుగై,
మన దాకా వచ్చేసరికి
ఏడుపు దిగమింగి చెప్పినట్టు ఉంటుంది.
ఆయన సిగరెట్టు తీశాడు గానీ వెలిగించలేదు.

నాలుగూ ఇరవైకి వెలుగు తిరిగొచ్చింది.
మళ్లీ మూలమూలకీ నడిచాను. ఎవరైనా ఉన్నారా?
చుక్క తరవాత చుక్క, పటం నిండింది.
అంతటా ఇనుము, అక్కడక్కడా మాంగనీసు నురగ,
నడుమ వెంట్రుకంత బీట.
బీట పుట్టిన చోట ఒక బుడగ,
వెల్డులోనే.
ఫ్రేయా నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను.

లెఫ్టెరిస్ కళ్లద్దాలు తుడుచుకుని
తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా జరిగాడు,
పాత గ్రూపు ఫొటోలో తన మొహం వెతుక్కుంటున్నట్టు.
"శుక్రవారం," అన్నాడు. "వాన. వెల్డింగు కడ్డీలు తడిశాయి.
నాకప్పుడు ఇరవై తొమ్మిది. సాయంత్రం ఫుట్‌బాల్ ఉంది."
వేలితో బుడగ చుట్టూ ఓ సున్నా గీశాడు.
"నలభై ఐదేళ్లు మోసింది, చూడు."
అది గర్వమో సిగ్గో
నా దగ్గరున్న ఏ పరికరానికీ అందలేదు.

తెల్లవారి, మ్యాగ్‌పైలు కూస్తుంటే,
గేటు దగ్గర బ్యాడ్జీ తిరిగిచ్చాడు.
అంకె చూశాను. ఏమీ తగల్లేదు.
పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా
సున్నా అని రాశాను.